ఉద్యోగం రాకపోతే వాడు చేతగానోడా? యల్లాప్రగడ సుబ్బారావును చూడండి

మొన్న పులివెందుల నుంచి మా పిన్నమ్మ ఫోన్ చేసింది. కొడుక్కి అమెరికాలో చదువు అయిపోయి ఏడు నెల్లాయ, ఇంగా ఉద్యోగం రాలేదు. సిగ్గుపడి ఇంటికి ఫోన్ చేసేది గూడా తగ్గించినాడంట. వాన్ని పంపేదానికి రెండెకరాలు తాకట్టు పెట్టినారు, ఉన్న బంగారం ప్రొద్దుటూరులో కుదవ పెట్టినారు. జమ్మలమడుగులో టీ అంగడి కాడ ఈ సంగతి చెప్తే, ఒకాయన వాడు చేతగానోడని ఒక్క మాటతో తేల్చేసినాడు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. అందుకే ఈరోజు యల్లాప్రగడ సుబ్బారావు గురించి రాస్తాండా.

ఆయన మన సీమ మనిషి కాదు, భీమవరంలో 1895లో పుట్టినాడు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసైనాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నాడని తెల్లదొర ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. ఎంబీబీఎస్ రావాల్సినోడికి ఎల్ఎంఎస్ ఇచ్చి సరిపెట్టినారు. మామ, దాతలు ఇచ్చిన డబ్బుతో 1923లో బోస్టన్ చేరినాడు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలి పని. 1929లో ఫిస్కే అనే ఆయనతో కలిసి, మన ఒంట్లో కండకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని బయటపెట్టినాడు.

సరిగ్గా ఆ సంవత్సరమే అమెరికాలో షేర్ మార్కెట్ కూలింది. బ్యాంకులు వేల లెక్కన మూతబడినాయి. 1933 నాటికి పని కావాలన్న నలుగురిలో ఒకరికి పని లేదు. గంజి కోసం పట్నాల్లో బారులు తీరినారు. ధర రాక రైతులు పాలు రోడ్డు మీద పారబోసినారు, మనోళ్లు టమోటా పారబోసినట్టే. ఆ దెబ్బ ఇక్కడిదాకా వచ్చి శనక్కాయల ధర గూడా పడిపాయ. మరి అమెరికాలో నలుగురిలో ఒకడు చేతగానోడా? కాదు. కాలం బాగలేదు, అంతే.

ఆ కాలంలో సుబ్బారావు పరిస్థితి ఇంగా అధ్వానం. ఇండియావాళ్లకు పౌరసత్వం ఇచ్చేది లేదని 1923లోనే అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 1930లో పీహెచ్‌డీ వచ్చినా హార్వర్డ్‌లో పర్మనెంటు ఉద్యోగం ఇయ్యలేదు. పదేండ్లు చిన్న పోస్టులోనే కాలేయం మీద, విటమిన్ల మీద పని చేసినాడు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీలో చేరినాక ఆ కష్టం పండింది. ఆయన జట్టు ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. బోదకాలు మందు, పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడిన తొలి మందు గూడా అక్కడివే. ఇప్పుడు మన ఊర్లో ఆశా కార్యకర్త గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఆ ఫోలిక్ యాసిడే.

అయితే ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పను. ఇంటి దగ్గర పెండ్లాము శేషగిరి ఎదురుచూస్తానే ఉండిపాయ. ఆయన మళ్లీ తిరిగి రాలేదు. 1948లో, 53 ఏండ్లకే, పౌరసత్వం లేకుండానే ఆ దేశంలోనే చనిపోయినాడు. మందుల లెక్క రాసేటప్పుడు, ఆ ఇల్లాలి లెక్క గూడా పక్కనే రాయాల.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, నేను చెప్పొచ్చేది రెండే మాటలు. భూమి తాకట్టు పెట్టేముందు, రెండేండ్లు ఉద్యోగం రాకపోతే వడ్డీ ఎట్లా కడతామో ఇంట్లో కూర్చుని లెక్క చూసుకోండి. పోయినాక కాలం ఎదురు తిరిగితే అది మీ తప్పని దాక్కోవద్దు. మా తమ్మునికి గూడా ఇదే చెప్పినా. ఉద్యోగం వచ్చినాక చేద్దాంలే అనుకోకుండా, ఈ పొద్దే మీయమ్మకు ఫోన్ చెయ్యిరా అని.