అడ్మిరల్ మకారోవ్

నల్లసముద్రమునకు అనతిదూరమున నికొలాయెవ్ అను రేవుపట్టణము కలదు. నేడది యుక్రెయిను దేశమున మికొలాయివ్ అను పేరుతో నున్నది. ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధిగాంచిన ఆ పట్టణమున 1849వ సంవత్సరము జనవరి 8వ తేదీన స్తెపాన్ మకారోవ్ జన్మించెను. ఆయన తండ్రి రష్యా నౌకాదళమున చిన్న కొలువున చేరి, క్రమముగా అధికారి పదవి నందుకొన్నవాడు. ఆ కుటుంబమునకు సిరిగాని, ఉన్నతవంశమను పేరుగాని లేవు. బాలుడు పదియేండ్ల ప్రాయమున తండ్రితోకూడ రష్యాకు తూర్పుకొననున్న ఆమూరు నదీముఖమునకు చేరెను. అచ్చటి నౌకాపాఠశాల ఓడలకు దారి నిర్ణయించు పనివారిని తయారుచేయునదే గాని, అధికారులను తయారుచేయునది గాదు. అయినను మకారోవ్ తన బుద్ధికుశలతచేతను, ఎడతెగని శ్రమచేతను అధికారుల శ్రేణిలో చోటు సంపాదించెను.

1869లో ఆయన రుసాల్క అను కవచనౌకపై పనిచేయుచుండెను. ఒకనాడు ఫిన్లాండు తీరమందలి శిలల నడుమ పోవుచుండగా ఆ ఓడ అడుగు బండకు తగిలి రంధ్రము పడెను. రంధ్రము చిన్నదే. ఐనను నీరు లోనికి చేరుచునే యుండెను. నీటిని తోడు యంత్రములు ఓడలో లేకపోలేదు. కాని నీరొకచోట, యంత్రము వేరొకచోట! నీటిని యంత్రమువద్దకు చేర్చు మార్గము లేదయ్యెను. తుదకు ఓడను మెరకకు ఎక్కించి కాపాడవలసివచ్చెను. ఇట్టి సంఘటన ముగిసిన పిమ్మట నావికులు సామాన్యముగా దైవమునకు మ్రొక్కి మరచిపోవుదురు. ఇరువది యేండ్ల మకారోవ్ మరువలేదు. అంత చిన్న రంధ్రము అంత పెద్ద ఓడను ఏల ముంచబోయెనని ఆలోచించి, లెక్కలు కట్టి, మరుసటి సంవత్సరమున నౌకాదళ పత్రికలో సుదీర్ఘమైన వ్యాసమును ప్రకటించెను.

అందాయన చూపిన ఉపాయములు రెండు ముఖ్యమైనవి. ఓడ అడుగుననున్న అరలన్నిటిని కలుపుచు ఒక పెద్ద గొట్టమును అమర్చి, ఏ అరలో నీరు చేరినను యంత్రములు దానిని తోడివేయునట్లు చేయుట మొదటిది. రెండవది చాప. అంతకుముందు ఓడకు గండి పడినపిమ్మట నావికులు తెరచాపగుడ్డను తెచ్చి కుట్టుటకు కూర్చుండెడివారు. కుట్టు పూర్తియగులోపల ఓడ మునుగుచుండెను. మందమైన చాపను ముందుగనే సిద్ధపరచి, త్రాళ్లతో వెలుపలినుండి దింపినచో, నీటి ఒత్తిడియే దానిని రంధ్రమునకు అదిమి పట్టునని మకారోవ్ చూపెను. 1873లో వియన్నా నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునందు ఈ చాపను ప్రదర్శించిరి.

ఓడ మునుగుట యనగానేమో ఇచ్చట కొంత తెలిసికొనవలెను. నీరు సమముగా నిండి, బిందె బావిలోనికి దిగినట్లు ఓడ క్రిందికి దిగుట ఒక విధము. ఇది మెల్లగా జరుగును. నావికులకు కొంత వ్యవధి యుండును. రెండవ విధము మిక్కిలి ఘోరమైనది. తాటిదోనెలో ఉన్నవారందరు ఒక్క ప్రక్కకు జరిగినచో దోనె యేమగును? అట్లే నీరు ఒక ప్రక్క అరలలో మాత్రము చేరినపుడు ఓడ ఒరిగి, ఒరిగి, హఠాత్తుగా బోర్లపడును. తేలు శక్తి ఇంకను మిగిలియుండగనే ఓడ నశించును. అందుచేత గాయపడిన ప్రక్కకు ఎదుటి ప్రక్కనున్న అరలలోనికి నీటిని తామే విడిచి ఓడను నిటారుగా నిలుపవలెనని మకారోవ్ బోధించెను. మునుగుచున్న ఓడలోనికి మరింత నీరు విడువుమనుట ఆనాటి కెప్టెన్లకు వింతగా తోచెను. వింతయే గాని నిజము.

రక్షించు విద్యనేగాక సంహరించు విద్యను కూడ మకారోవ్ ఎరిగియుండెను. 1877లో తురుష్కులతో యుద్ధము వచ్చినపుడు ఒక వర్తకపు ఓడపై చిన్న మరపడవలను ఎక్కించుకొనిపోయి, చీకటిలో వానిని దింపి శత్రునౌకలను ఎదుర్కొనెను. 1878 జనవరిలో బటూమి రేవున ఆయన పడవలు విడిచిన టార్పెడోలకు ఇంతిబా అను తురుష్క నౌక మునిగెను. తానై నీటిలో దూసుకొనిపోవు టార్పెడో ఓడను ముంచుట ప్రపంచమున అదియే మొదటిసారి. పిమ్మట ఆయన ఫిరంగిగుండ్లు ఉక్కు కవచమును చీల్చుకొనిపోవుటకై వాని మొనకు మెత్తని లోహపు టోపీని తొడుగు పద్ధతిని కల్పించెను. ఓడను కాపాడుటకై జీవితమంతయు యోచించినవాడే దానిని భేదించు గుండును కల్పించుట చిత్రమే.

బాస్ఫరసు జలసంధిలో పైప్రవాహము ఒక దిక్కునకును, అడుగుప్రవాహము ఎదురు దిక్కునకును పోవునని కొలిచి నిరూపించుట, విత్యాజ్ ఓడపై భూమిని చుట్టివచ్చుట, గడ్డకట్టిన సముద్రమును బ్రద్దలుకొట్టు యెర్మాక్ అను ఓడను నిర్మింపజేయుట - ఇవియు ఆయన చేసిన పనులే.

1893వ సంవత్సరము నౌకాలోకమునకు దుర్దినములను తెచ్చెను. జూన్ నెలలో లెబనాను తీరమున ఆంగ్లేయుల విక్టోరియా అను మహానౌకను వారిదే యైన మరియొక నౌక విన్యాసములయందు పొరపాటున గ్రుద్దెను. తలుపులు తెరచియుండుటచే నీరు అరనుండి అరకు ప్రాకి, ఓడ కొలది నిమిషములలో బోర్లపడెను. 358 మంది మరణించిరి. మకారోవ్ ఆ ఓడకు చిన్న నమూనాను చేయించి, నీటిలో తేల్చి, ఆ ప్రమాదమును తిరిగి కన్నులకు కట్టినట్లు చూపెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో, తాను యౌవనమున పనిచేసిన రుసాల్క బాల్టిక్ సముద్రపు తుఫానులో చిక్కి 177 మందితో మునిగెను. ఒక్కడును బ్రతుకలేదు. గాలిలేని గోదామువలె నీరు చొరని అరలున్నవని కాగితముపై వ్రాసికొనినంత చాలదనియు, ప్రతి అరను నీటితో నింపి గోడలు నిలుచునో లేదో పరీక్షింపవలెననియు ఆయన పట్టుబట్టెను. ఖర్చు అధికమని పై అధికారులు చాలకాలము చెవియొగ్గలేదు.

1904 ఫిబ్రవరి 8వ తేదీన మకారోవ్ క్రోన్‌ష్టాట్ నుండి నౌకామంత్రికి లేఖ వ్రాసెను. పోర్ట్ ఆర్థరునందలి నౌకలను రేవు వెలుపల నిలుపుట అపాయకరమనియు, వెంటనే లోపలికి చేర్పవలెననియు అందు హెచ్చరించెను. ఆ రాత్రియే జపాను టార్పెడో నౌకలు ఆ ఓడలపై బడెను. రెండు పెద్ద యుద్ధనౌకలును, ఒక క్రూయిజరును దెబ్బతినెను. అప్పుడుగాని ప్రభుత్వమునకు మకారోవ్ స్ఫురణకు రాలేదు. మార్చి నెలలో ఆయన అచ్చటికి చేరి, క్రుంగిపోయిన నావికులకు ధైర్యము చెప్పి, చిన్న నౌకలనెక్కి స్వయముగా శత్రువును ఎదుర్కొనెను.

ఏప్రిల్ 12వ తేదీ రాత్రి రేవు వెలుపల చీకటిలో కొన్ని ఓడల ఛాయలు కానవచ్చెను. తమ నౌకలే తిరిగివచ్చుచున్నవేమో యని మకారోవ్ కాల్పులకు అనుమతింపలేదు. తెల్లవారిన పిమ్మట ఆ తావున మందుపాతరలకై గాలింపవలెనని తలచెను. కాని ఉదయముననే తమ చిన్న నౌక యొకటి శత్రువులచే చుట్టుముట్టబడినట్లు వార్త వచ్చెను. దానికి సాయపడవలెనను తొందరలో గాలింపు జరుగనేలేదు. మకారోవ్ పెత్రోపావ్‌లోవ్‌స్క్ అను నౌకపై బయలుదేరి, శత్రువును తరిమి, ఎదుట జపాను ప్రధాన నౌకాదళమును గాంచి, కోట ఫిరంగుల అండకు మరలెను. రాత్రి ఆ ఛాయలు నీటిలో విడిచిపోయిన మందుపాతరలు అచ్చటనే యుండెను. ఒకటి ఓడ ముందుభాగము క్రింద ప్రేలెను. వెంటనే లోపలనున్న మందుగుండు సామగ్రి అంటుకొనెను. ఆవిరి కాగులు బ్రద్దలయ్యెను. సుమారు రెండు నిమిషములలో ఓడ మునిగెను. 600కు పైగా నావికులు మరణించిరి. మన దేశమునకు వచ్చి జయపురపు ఊరేగింపును చిత్రించిన వెరెష్చాగిన్ కూడ ఆ ఓడలోనే మరణించెను. ఆ చిత్రమును నేటికిని కోల్‌కతా విక్టోరియా స్మారక భవనమున చూడవచ్చును. మకారోవ్ దేహము దొరకలేదు. ఆయన పైకోటు మాత్రము నీటిపై తేలెను.

మందుగుండు కొట్టే ప్రేలినపుడు చాపలుగాని, గొట్టములుగాని చేయగలిగినదేమియు లేదు. అదే ఉదయమున, అదే తావున, పోబెద అను మరియొక యుద్ధనౌకయు మందుపాతరకు తగిలెను. దాని మందుగుండు అంటుకొనలేదు. ప్రక్కకు ఒరిగియు అది తన యంత్రముల బలముతోనే రేవులోనికి చేరెను.

మకారోవ్ పనిని అలెక్సీ క్రిలోవ్ అను గణితవేత్త కొనసాగించెను. ఏ అర నిండినచో ఏ అరలోనికి నీటిని విడువవలెనో తెలుపు పట్టికలను ఆయన 1903 నాటికే తయారుచేసి అధికారులకు అందజేసెను. అవి మూలబడియుండెను. 1905 మే నెలలో త్సుషీమా జలసంధిలో రష్యా యుద్ధనౌకలు ఒకటి వెనుక నొకటి ఒరిగి బోర్లపడిన పిమ్మట ఆ పట్టికలను నౌకాదళము అంగీకరించెను. 1913లో క్రోన్‌ష్టాట్ పట్టణమున మకారోవ్ విగ్రహమును నిలిపిరి.