శిథిలాల వీధిలో ఓ పనిమనిషి

నెహెమ్యా గ్రంథం చదివిన వారికి ఆ రాత్రి ప్రయాణం గుర్తుండే ఉంటుంది. పారసీక రాజుకు గిన్నె అందించే కొలువు వదిలి యెరూషలేముకు వచ్చిన నెహెమ్యా, కొద్దిమందిని వెంటబెట్టుకుని కూలిన ప్రాకారాలను చూడటానికి చీకట్లో బయలుదేరాడు. కాలిపోయిన గుమ్మాలు, గుట్టలుగా పడిన రాళ్లు. ఒకచోట ఆయన ఎక్కిన పశువు ముందుకు వెళ్లడానికి కూడా సందు లేకపోయింది. శత్రువు నాశనం చేసిన పట్టణంలో దైవజనుడు మొదట చేసిన పని ప్రసంగం కాదు. ఆ శిథిలాల మధ్య నడిచి వాటిని తన కళ్లతో చూడటం.

దాదాపు వందేళ్ల క్రితం లండన్‌లోని ఒక పనిమనిషి ఈ గ్రంథాన్ని చదివి ఒక మాట పట్టుకుంది. నెహెమ్యా కూడా తనలాగే ఒకరి ఇంట ఊడిగం చేసినవాడే. అయినా దేవుడు పిలిస్తే వెళ్లాడు. ఆ దేవుడే తన దేవుడైతే తానెందుకు వెళ్లకూడదు? ఆమె పేరు గ్లాడిస్ ఐల్వర్డ్. నెహెమ్యాను చదివి కదిలిన ఆమె ఒకనాడు నిజంగానే కూలిన పట్టణం నడుమ నిలబడుతుందని అప్పుడు ఆమెకు తెలియదు.

గ్లాడిస్ 1902 ఫిబ్రవరి 24న ఉత్తర లండన్‌లోని ఎడ్మంటన్‌లో పుట్టింది. తండ్రి తపాలా శాఖలో చిరుద్యోగి. చదువు పెద్దగా అబ్బలేదు. చిన్న వయసులోనే ధనికుల ఇళ్లలో పనికి కుదిరింది. పొట్టిగా, నల్లని జుట్టుతో ఉండే తనను దేవుడు ఇలా ఎందుకు చేశాడా అని చిన్నప్పుడు బాధపడేదట. చైనాలో అడుగుపెట్టాక చుట్టూ తనలాగే పొట్టిగా, నల్లని జుట్టుతో ఉన్న జనాన్ని చూసి ఆ ప్రశ్నకు జవాబు దొరికిందని సంతోషించింది.

అయితే చైనా చేరడం అంత తేలిక కాలేదు. చైనా ఇన్‌లాండ్ మిషన్ వారు కొంతకాలం శిక్షణ ఇచ్చి చూసి, వేదాంత పాఠాల్లో వెనుకబడిందని, చైనా భాష నేర్చుకునే వయసు దాటిపోయిందని పంపేశారు. ఆమె నిరాశపడి ఊరుకోలేదు. మళ్లీ పనిమనిషిగా చేరింది. ఆమె పనిచేసిన ఇళ్లలో హిమాలయ యాత్రికుడిగా పేరొందిన సర్ ఫ్రాన్సిస్ యంగ్‌హజ్బెండ్ ఇల్లు ఒకటి. ఓడ ప్రయాణానికి డబ్బు చాలదు గనుక సైబీరియా మీదుగా వెళ్లే రైలు టికెట్టుకు జీతంలోంచి కొంచెం కొంచెంగా వాయిదాలు కట్టింది. 1932 అక్టోబరులో లండన్‌లో రైలెక్కింది. ఏ మిషన్ సంఘమూ ఆమె వెనుక లేదు. రష్యా, చైనా సరిహద్దులో పోరు సాగుతుండటంతో దారి మూసుకుపోయింది. మంచులో పట్టాల వెంట నడిచి, వ్లాదివోస్తోక్ చేరి, జపాన్ మీదుగా చుట్టు తిరిగి చివరికి చైనా చేరుకుంది.

షాన్షీ రాష్ట్రపు కొండల్లో యాంగ్‌చెంగ్ అనే చిన్న పట్టణం ఉంది. చుట్టూ ప్రాకారం. కంచరగాడిదల మీద సరుకులు మోసే బాటసారులు ఆ దారినే వెళ్లేవారు. అక్కడ జీనీ లాసన్ అనే వృద్ధ మిషనరీతో కలిసి గ్లాడిస్ ఒక సత్రం తెరిచింది. పేరు ఎనిమిది సంతోషాల సత్రం. గాడిదలకు మేత, మనుషులకు వేడి భోజనం, ఆ తర్వాత బైబిలు కథలు. ఇదీ అక్కడి పరిచర్య. తెల్లజాతి స్త్రీలంటే భయపడి బాటసారులు రాకపోతే, గ్లాడిస్ వీధిలో నిలబడి ముందున్న గాడిద కళ్లెం పట్టుకుని లోపలికి లాక్కొచ్చేది. ముందు గాడిద వస్తే వెనుకవీ వస్తాయి, వాటి వెంట మనుషులూ రాక తప్పదు!

కొద్దికాలానికే లాసన్ కన్నుమూసింది. గ్లాడిస్ ఒంటరిదైంది. ఆడపిల్లల పాదాలను బిగించి కట్టే ఆచారాన్ని ప్రభుత్వం నిషేధించినప్పుడు, ఊరూరా తిరిగి ఆ చట్టం అమలయ్యేలా చూసే పనిని స్థానిక అధికారి ఆమెకు అప్పగించాడు. వెళ్లిన ప్రతి గ్రామంలో సువార్త చెప్పుకునే అవకాశం అలా దొరికింది. రోడ్డు పక్కన ఒక స్త్రీ అమ్మకానికి పెట్టిన పసిపిల్లను చేతిలో ఉన్న తొమ్మిది పెన్నీలకు కొని పెంచుకుంది. ఒకరితో మొదలై ఆమె గూటికి అనాథ పిల్లలు ఒక్కొక్కరే చేరారు. 1936లో ఆమె చైనా పౌరసత్వం తీసుకుంది. ఇక అది ఆమె దేశం, ఆ ప్రజలు ఆమె ప్రజలు.

1937 జూలైలో జపాన్, చైనాల మధ్య యుద్ధం మొదలైంది. ఆ ఏడాది నవంబరులో షాన్షీ రాజధాని తైయువాన్ జపాన్ సైన్యం చేతికి చిక్కింది. అయినా కొండల్లో మారుమూల ఉన్న యాంగ్‌చెంగ్ ప్రజలకు యుద్ధం దూరంగానే అనిపించింది. 1938 వసంతకాలంలో ఒకరోజు ఆకాశంలో విమానాలు కనిపించాయి. విమానమంటే ఎలా ఉంటుందో ఎరుగని జనం వింతగా చూశారు. కాసేపటికే బాంబులు పడ్డాయి.

ఆ సమయంలో సత్రం పైగదిలో గ్లాడిస్, మరికొందరు విశ్వాసులు ప్రార్థనలో ఉన్నారు. బాంబు ఆ సత్రాన్నే తాకింది. గది నేల కూలి అందరూ కిందపడ్డారు. దూలాలు, మట్టిపెళ్లల కింద గ్లాడిస్ ఇరుక్కుపోయింది. ఇరుగుపొరుగు వచ్చి లాగితేనే ప్రాణాలతో బయటపడింది.

ఇక్కడ మనం కాస్త ఆగాలి. ప్రార్థించే వారి ఇంటి మీద బాంబు పడదని, విశ్వాసి గుమ్మం దాకా కీడు రాదని మనలో చాలామంది అనుకుంటాం. సాక్ష్యాల్లో కూడా పక్కిల్లు కూలింది, మా ఇల్లు నిలిచింది అని చెప్పుకుంటాం. మరి పక్కింటివాడు దేవునికి ఏమీ కాడా? యాంగ్‌చెంగ్‌లో కూలిన ఇళ్లలో ప్రార్థనగది కూడా ఉంది. దేవుడు తన బిడ్డలను ఆ పట్టణపు బాధ నుంచి విడదీయలేదు. ఆ బాధలోనే ఉంచి, అందులోంచి లేపాడు. ఎందుకు లేపాడో తర్వాత జరిగింది చూస్తే అర్థమవుతుంది.

ఒంటి మీద దుమ్ము దులుపుకుని గ్లాడిస్ పట్టణంలోకి వెళ్లింది. నిన్నటి దాకా సందడిగా ఉన్న వీధి గుర్తుపట్టలేనంతగా మారింది. ఇళ్ల గోడలు దారికి అడ్డంగా పడి ఉన్నాయి. శవాలు, గాయపడినవారు, రాళ్ల కింద నుంచి మూలుగులు. బతికినవారిలో చాలామంది ఏం చేయాలో తోచక నిలబడిపోయారు. ఆమె వైద్యురాలు కాదు. దగ్గర ఉన్న మందులు పిడికెడు. అయినా ముందు దారి తీయాలని ఆమెకు తోచింది. దారి లేకపోతే గాయపడినవాడు బయటికి రాలేడు, సాయం లోపలికి వెళ్లలేదు. ఊరి పెద్దలను, ఒంట్లో సత్తువ ఉన్నవారిని కూడగట్టి రాళ్లు తొలగించే పని మొదలుపెట్టించింది. గాయపడినవారిని నీడకు చేర్చారు. చచ్చినవారిని గౌరవంగా పాతిపెట్టారు. ఇల్లు పోయినవారికి తలదాచుకునే చోటు చూశారు.

నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం చాలామంది చదవకుండా దాటేస్తారు. అన్నీ పేర్లే! కానీ ఆ పేర్ల మధ్య ఒక మాట పదేపదే వస్తుంది. ఫలానావాడు తన ఇంటికి ఎదురుగా ఉన్న భాగాన్ని బాగుచేశాడు అని. యెరూషలేము ప్రాకారం 52 రోజుల్లో లేచిందంటే ఎవరి గుమ్మం ముందున్న శిథిలాన్ని వారు ఎత్తారు గనుకనే. గ్లాడిస్ యుద్ధాన్ని ఆపలేకపోయింది. అది ఆమె చేతిలో లేదు. తన సత్రం ఉన్న ఊరి వీధిని మాత్రం ఆమె వదల్లేదు.

బాంబుల వెనుకే సైన్యం వచ్చింది. జనం కొండల్లోని గ్రామాలకు, గుహలకు తరలిపోయారు. ఆ తర్వాత యాంగ్‌చెంగ్ ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి పలుమార్లు మారింది. గ్లాడిస్ కొండల్లో తిరుగుతూ గాయపడినవారికి సేవ చేసింది, అనాథలను చేరదీసింది. తాను చూసిన శత్రుసైన్యపు కదలికలను చైనా సైనికులకు చెప్పింది కూడా. మిషనరీ అలా ఒక పక్షం వహించవచ్చా అన్నది విశ్వాసుల మధ్య భేదాభిప్రాయం ఉండదగిన విషయమే. కానీ ఆమె దృష్టిలో అది తన ప్రజల పక్షం. అందుకు మూల్యం కూడా చెల్లించింది. ఆమెను పట్టిచ్చినవారికి బహుమానం ఇస్తామని జపాన్ సైన్యం ప్రకటన అంటించింది. పారిపోతుండగా ఒక తూటా ఆమె వీపును రాసుకుంటూ పోయింది.

1940లో దాదాపు వంద మంది పిల్లలను వెంటబెట్టుకుని ఆమె షియాన్ నగరానికి కాలినడకన బయలుదేరింది. పెద్ద దారుల్లో శత్రువు కాపలా ఉంటాడు గనుక కొండదారులే గతి. పిల్లల్లో కొందరు మరీ చిన్నవాళ్లు. తిండి లేదు, చెప్పులు అరిగిపోయాయి. పన్నెండు రోజుల తర్వాత పసుపు నది ఒడ్డుకు చేరితే అక్కడి ఊరు ఖాళీ. జనం ఎప్పుడో పారిపోయారు. నది దాటించే పడవ ఒక్కటీ లేదు. అక్కడ గ్లాడిస్ గుండె జారింది. అప్పుడు ఒక బాలిక, మోషే ఇశ్రాయేలీయులను ఎర్ర సముద్రం దాటించిన సంగతి గుర్తుచేసి, దేవుడు మనకెందుకు అలా చేయడని అడిగింది. తాను మోషేను కానని గ్లాడిస్ అంటే, దేవుడు మాత్రం దేవుడే కదా అన్నది ఆ పసిదాని తర్కం. అందరూ మోకరించి ప్రార్థించి పాటలు పాడారు. ఆ పాట విని ఒక చైనా సైనికాధికారి వచ్చాడు. అవతలి ఒడ్డున ఉన్న పడవను రప్పించాడు.

నది దాటాక రైళ్లలో, మళ్లీ కాలినడకన ప్రయాణం సాగింది. శరణార్థులతో నిండిపోయిన షియాన్ నగర ద్వారాలు మూసేశారు. చివరికి ఫుఫెంగ్ అనే ఊళ్లో పిల్లలకు చోటు దొరికింది. వాళ్లను అప్పగించాక గ్లాడిస్ కుప్పకూలింది. తీవ్రమైన జ్వరంతో మృత్యువు అంచుదాకా వెళ్లి వచ్చింది. పూర్వపు ఆరోగ్యం ఆమెకు మళ్లీ పూర్తిగా రాలేదు.

అదే ఏడాది సెప్టెంబరు 7న ఆమె పుట్టిన లండన్ మీద జర్మనీ విమానాల దాడి మొదలైంది. దాదాపు రెండు నెలలపాటు ఇంచుమించు ప్రతి రాత్రీ బాంబులు పడ్డాయి. 1941 మే దాకా సాగిన ఆ దాడుల్లో బ్రిటన్‌లో 40 వేల మందికి పైగా పౌరులు మరణించారు. సురక్షితమైన లండన్ వదిలి ప్రమాదంలోకి వెళ్తోందని గ్లాడిస్‌ను చూసి ఎంతమంది జాలిపడ్డారో! యుద్ధం చివరికి ఆ వీధులకే వచ్చింది. మన తీరానికీ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. భయంతో ఇళ్లు వదిలి పల్లెలకు తరలిపోయిన కుటుంబాల కథలు కోస్తాలో ఇంకా వినిపిస్తాయి. దేవుని చిత్తంలో ఉండటమే తప్ప, భద్రమైన ఊరంటూ భూమ్మీద ఏదీ లేదు.

1949లో గ్లాడిస్ ఇంగ్లండుకు తిరిగి వచ్చింది. ఆమె కథ పుస్తకంగా వచ్చింది. 1958లో ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ నటించిన సినిమాగానూ వచ్చింది. పొడుగాటి అందగత్తెను తనగా చూపించి, జరగని ప్రేమ సన్నివేశాలు కల్పించారని ఆమె నొచ్చుకుంది. పేరు వచ్చింది కదా అని స్వదేశంలో కూర్చోలేదు. కమ్యూనిస్టు చైనాలోకి ప్రవేశం లేకపోవడంతో తైవాన్ వెళ్లి మళ్లీ అనాథల మధ్యనే జీవించింది. 1970 జనవరి తొలి రోజుల్లో అక్కడే ప్రభువు పిలుపు అందుకుంది. తైవాన్‌లోనే ఒక క్రైస్తవ కళాశాల ఆవరణలో ఆమె సమాధి ఉంది.

2022 నుంచి ఉక్రెయిన్ పట్టణాల్లో, 2023 తర్వాత గాజాలో కూలిన ఇళ్లను, శిథిలాల్లో తమవారి కోసం చేతులతో తవ్వుతున్న తల్లిదండ్రులను మనం టీవీల్లో చూశాం. ఇవి అంత్యదినాల సూచనలు అని చెప్పుకుని చానల్ మార్చేశాం. ప్రభువు రాకడను గుర్తుచేసుకోవడం మంచిదే. అయితే ప్రభువు వచ్చేటప్పటికి మనం ఏ పనిలో కనబడాలి? యెషయా 58వ అధ్యాయంలో దేవుడు ఉపవాసం గురించి మాట్లాడుతూ, ఆకలిగొన్నవానికి ఆహారం పెట్టమని, దిక్కులేనివారిని ఇంట చేర్చుకోమని చెప్పాడు. అలా చేసే జనానికి ఒక బిరుదు వాగ్దానం చేశాడు. విరిగిన గోడలను బాగుచేసేవారనీ, జనం నివసించేలా దారులను సిద్ధం చేసేవారనీ. గొప్ప ప్రసంగీకులకో, పెద్ద చదువులు చదివినవారికో దాచిన బిరుదు కాదది. పాఠాల్లో తప్పిందని పంపేసిన ఒక పనిమనిషి దానికి తగినదైంది.

మన వీధిలో బాంబులు పడి ఉండకపోవచ్చు. కానీ అగ్నికి ఆహుతైన గుడిసె, వరదకు కూలిన గోడ, తాగుడుకు చితికిన కుటుంబం, తల్లిదండ్రులు పోయి బంధువుల గుమ్మం దగ్గర నిలబడ్డ పసివాడు మన చర్చికి కూతవేటు దూరంలోనే ఉంటారు. ఆదివారం ఆరాధనకు వెళ్తూ ఆ శిథిలాన్ని తప్పించుకుని పక్కనుంచి నడిచిపోతున్నామా, లేక మన ఇంటికి ఎదురుగా ఉన్న రాయినైనా ఎత్తుతున్నామా? నెహెమ్యా ప్రార్థించాడు, పనికీ దిగాడు. గ్లాడిస్ ప్రార్థనగది కూలినా ప్రార్థన ఆగలేదు. అది ఆమె చేతుల్లో పనిగా మారి వీధిలోకి వచ్చింది. మన ప్రార్థనలు కూడా గది దాటి వీధిలోకి వచ్చేలా ప్రభువు మనకు కృప దయచేయును గాక.