దీపం పక్కన లెక్కల పుస్తకం

మే 12న నర్సుల దినోత్సవానికి మనమంతా పంచుకునే బొమ్మ ఒకటే: దీపం పట్టుకున్న ఫ్లోరెన్స్ నైటింగేల్. 1820లో ఆమె పుట్టిన రోజది. కానీ ఆమె పేరు నిలబెట్టిన ఉద్యోగాలు రెండూ ఇన్‌చార్జి ఉద్యోగాలే. ఇక్కడి ఆసుపత్రుల్లో వార్డు ఇన్‌చార్జి అయిన మన సిస్టర్లను చూసి, ఇంకేం, కుర్చీలో కూర్చునే పనే కదా అనేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లు చదవాలనే ఈసారి ఈమె గురించి రాస్తున్నాం.

1853లో లండన్ హార్లీ స్ట్రీట్‌లో ఆడవాళ్ల చిన్న ఆసుపత్రికి సూపరింటెండెంట్‌గా చేరింది. వేడినీళ్లు పైపుల్లో పై అంతస్తుకు రావాలి, భోజనం లిఫ్టులో రావాలి అని కమిటీ వెంటపడింది. నర్సు మెట్లెక్కి దిగడంతోనే అలిసిపోతే రోగిని చూసేదెవరన్నది ఆమె లెక్క.

1854 నవంబరులో 38 మందిని వెంటబెట్టుకుని ఇస్తాంబుల్ ఎదుటి స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లింది. చొక్కాల్లేవు, దుప్పట్లు చాలవు. స్టోరువాళ్లు కాగితం లేనిదే కదలరు. డాక్టర్లలో చాలామందికి ఆమె రావడమే గిట్టలేదు. సొంత నర్సుల్లో కొందరిని ఇంటికి పంపెయ్యాల్సొచ్చింది. ఇంతలో, అడక్కుండానే ఇంకో 40 మందికి పైగా వచ్చిపడ్డారు. వాళ్లకు చోటెక్కడ చూపాలి? రాత్రి రౌండ్లు ముగిశాక ఉత్తరాలు, లెక్కలు, చనిపోయిన సైనికుల ఇళ్లకు జాబులు. ఆ చలికాలంలో అక్కడ 4 వేల మందికి పైగా పోయారు. 1855 మార్చిలో వచ్చిన శానిటరీ కమిషన్ మురుగు కాలువలు బాగుచేయించాకే చావులు బాగా తగ్గాయి.

ఆ మే నెలలో బాలక్లావాలో జ్వరం వచ్చి చావు అంచులదాకా వెళ్లింది. పూర్తిగా కోలుకోకుండానే మళ్లీ డ్యూటీ. ఇంటికొచ్చిన మరుసటేడు, 1857లో, సైన్యం ఆరోగ్యంపై వేసిన కమిషన్ పని మధ్యలో కుప్పకూలింది. అప్పటినుంచి చాలా ఏళ్లు గదిలోనే, మంచం మీదే. అది బ్రూసెల్లోసిస్ అయ్యుంటుందని ఈ కాలపు డాక్టర్లు కొందరంటారు. గల్ఫ్‌లో పచ్చిపాలు తాగొద్దని మనకు చెప్పేది ఆ జబ్బు గురించే. పని ఒత్తిడి అనేవాళ్లూ ఉన్నారు. మాకైతే రెండూ ఉన్నాయనిపిస్తుంది.

1859లో రాసిన నర్సింగ్ పుస్తకంలో ఇన్‌చార్జి పని గురించే ఒక అధ్యాయం పెట్టింది. తానుంటే జరిగే పని తాను లేనప్పుడూ జరిగేలా ఏర్పాటు చేసినదే ఇన్‌చార్జి, అన్నీ తన నెత్తినేసుకున్నది కాదు అని దాని సారం. రాసినావిడే అలా ఉండలేకపోయింది. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు ఆప్తుడు, స్కుటారికి పంపింది ఆయనే. కిడ్నీ జబ్బుతో నీరసించిపోతున్నా ఆయన్ని పని వదలనివ్వలేదు. 1861 ఆగస్టులో ఆయన పోయాడు. ఆ దుఃఖం ఆమెను చాలాకాలం వదల్లేదు.

పని మాత్రం ఆగలేదు. 1863లో వెలువడిన భారతదేశ సైన్య ఆరోగ్య నివేదిక కోసం మన కంటోన్మెంట్ల లెక్కలు గదిలోంచే చూసింది. మన దేశానికి ఒక్కసారైనా రాలేదు. చూడవచ్చేవాళ్లను ముందే టైమిచ్చి, ఒక్కొక్కరినే రానిచ్చేది. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో, లండన్‌లోని తన గదిలో కన్నుమూసింది.