టైటానిక్ తంతి ఉద్యోగి జాక్ ఫిలిప్స్

టైటానిక్ ఓడ మునిగిన సంగతి విద్యార్థులందరు ఎరిగినదే. ఆ రాత్రి ఓడ నుండి ఆపత్సందేశము పంపిన యువకుని గూర్చి ఎరిగినవారు మాత్రము కొద్దిమందియే. ప్రభుత్వమిచ్చు యోగ్యతా పత్రము మనిషి నేర్పును ధ్రువపరచును గాని, అతని చేత చేయించు పని ఏదో వేరొకరు నిర్ణయింతురు. ఈ విషయము అతని జీవితములో స్పష్టముగా కనిపించుటచే దానిని మేము ఇచట వ్రాయుచున్నాము.

ఫిలిప్స్ 1887 ఏప్రిల్ 11న ఇంగ్లండులోని సర్రే ప్రాంతమున ఫార్న్‌కూంబ్ అను ఊర జన్మించినాడు. తలిదండ్రులు బట్టల దుకాణము నడుపుచు, దానిపై గదులలోనే కాపురముండిరి. బడి చదువు ముగిసిన పిదప అతడు గోడాల్మింగ్ తపాలా కార్యాలయమున చేరి తంతి విద్య నేర్చినాడు. ఒకప్పుడు మన తంతి కార్యాలయములలో వినవచ్చిన టకటక ధ్వనియే ఆ విద్య.

1906 మార్చిలో అతడు లివర్‌పూల్‌లో మార్కోనీ కంపెనీ నడుపు వైర్‌లెస్ శిక్షణాలయమున ప్రవేశించి, అయిదు మాసములకే ట్యుటానిక్ ఓడపై ఉద్యోగమునకు వెళ్లినాడు. ఆ సంవత్సరమే నవంబరులో బెర్లిన్ నగరమున పలు దేశములు కూడి ఒక ఒడంబడిక చేసికొన్నవి. 1908 జూలై 1 నుండి అమలునకు వచ్చిన ఆ నియమముల ప్రకారము, ఓడపై వైర్‌లెస్ నడుపువానికి ప్రభుత్వ యోగ్యతా పత్రము ఉండి తీరవలెను. యంత్రమును సరిచేయు నేర్పు, నిమిషమునకు ఇరువది మాటలకు తక్కువకాకుండ పంపుట, చెవితో విని గ్రహించుట, నియమముల పరిజ్ఞానము పరీక్షింతురు. సందేశముల రహస్యమును కాపాడుదునని ప్రమాణమును చేయవలెను. ఆపదలోని ఓడ పిలుపునకు అన్నిటికంటె ముందు చోటీయవలెనని కూడ అందులో కలదు. అయితే ఆ పిలుపు వినుటకు ప్రతి ఓడలో ఒకరు రేయింబవళ్లు మేలుకొని యుండవలెనని మాత్రము లేదు. ఈ లోపమును పాఠకులు గుర్తుంచుకొనగోరుదుము.

లూసిటానియా, మారిటానియా వంటి పెద్ద ఓడలపైనను, ఐర్లండులోని క్లిఫ్డెన్ కేంద్రమునను పనిచేసి, 1912లో ఫిలిప్స్ టైటానిక్‌పై ప్రధాన తంతి ఉద్యోగి అయినాడు. సహాయకుడు హరాల్డ్ బ్రైడ్. ఇరువురును మార్కోనీ కంపెనీ మనుషులు. ప్రయాణికులు రుసుము చెల్లించి పంపు తంతులే వారి ముఖ్య వ్యాపారము. ఇరువది అయిదవ జన్మదినము ఫిలిప్స్‌కు ఓడలోనే గడచినది.

ఏప్రిల్ 13 రాత్రి యంత్రము చెడినది. ఇరువురును తెల్లవారుజాము వరకు శ్రమించి బాగుచేసిరి. దానితో మరునాటికి తంతులు గుట్టలుగా పేరుకొన్నవి. 14 రాత్రి పదకొండు గంటల ప్రాంతమున కాలిఫోర్నియన్ ఓడ ఉద్యోగి ఇవాన్స్, తమ ఓడ మంచులో చిక్కి ఆగినదని తెలిపినాడు. కేప్ రేస్ కేంద్రముతో తీరికలేకుండ ఉన్న ఫిలిప్స్ అతనిని ఊరకుండుమని కసరినాడు. ఇది తప్పే. కాని ఆ వార్త నౌకాధిపతికి చేర్పవలసినదను సంకేతము లేకుండ వచ్చినది. తప్పునంతయు ఆ యువకుని నెత్తిన రుద్దుటకు మా మనసొప్పదు. ఇవాన్స్ ఒంటరి ఉద్యోగి. యంత్రమాపి నిద్రకు పోయినాడు. 11 గంటల 40 నిమిషములకు టైటానిక్ మంచుకొండను తాకినది.

అటుపై ఫిలిప్స్ సీక్యూడీ అనియు, ఎస్ఓఎస్ అనియు ఎడతెగక పిలిచినాడు. కార్పేథియాలోని కాటమ్ కూడ ఒంటరివాడే. పండుకొనబోవుచు చెవికుప్పెలు ఇంకను తీయకుండుట చేతనే విన్నాడు. ఏడువందల పైచిలుకు జనము బ్రతుకుటకు ఆధారము అదియే. సుమారు పదిహేనువందల మంది పోయిరి. నౌకాధిపతి వెళ్లిపొమ్మని సెలవిచ్చిన పిమ్మటను ఫిలిప్స్ మీట వదలలేదు. బ్రైడ్ బ్రతికినాడు. ఫిలిప్స్ దేహము దొరకలేదు. 1914లో గోడాల్మింగ్ ప్రజలు అతని పేర స్మారక మండపము నిర్మించిరి.

1912 జూలై 23న అమెరికా తన ఓడల చట్టమును సవరించి, ఇద్దరు ఉద్యోగులును నిరంతర శ్రవణమును విధించినది. ఆగస్టు 13 నాటి చట్టముతో లైసెన్సు లేనివాడు మీట ముట్టరాదను నియమము ఏర్పడినది. 1914 జనవరిలో లండన్‌లో కుదిరిన సముద్ర భద్రతా ఒడంబడికయు నిరంతర శ్రవణమును కోరినది గాని, మహాయుద్ధము అడ్డువచ్చుటచే అనుకొన్నట్లు అమలుకాలేదు. 1999 ఫిబ్రవరి 1 నుండి సముద్ర ప్రమాద పిలుపులలో మోర్సు స్థానమును ఉపగ్రహములు, స్వయంచాలక యంత్రములు పూర్తిగా తీసికొన్నవి. ఆ యంత్రములను నడుపువారికిని ప్రభుత్వ పరీక్షయు, పత్రమును తప్పనిసరియే.