పైలట్ పరీక్ష కోసం ఫ్రెంచి నేర్చిన బెస్సీ

బెస్సీ కోల్‌మన్ 1892లో అమెరికాలోని టెక్సాస్‌లో పుట్టారు. పత్తి తీతల కాలంలో ఆ ఊరి నల్లజాతి పిల్లలకు బడి మూతపడేది. బెస్సీ కూడా చేలోకే వెళ్లేవారు. పెద్దయ్యాక షికాగో చేరి, క్షౌరశాలలో గోళ్లు తీర్చే పని చేశారు. విమానం నడపాలన్నది ఆమె కోరిక. నల్లజాతి మహిళ కావడంతో అక్కడి శిక్షణ సంస్థలు చేర్చుకోలేదు. ఫ్రాన్స్‌కు వెళ్లమని పత్రికాధిపతి రాబర్ట్ ఎబ్బట్ సలహా ఇచ్చారు.

అక్కడ పాఠాలు ఫ్రెంచిలో. పని చేసుకుంటూనే ఆ భాష నేర్చుకుని, 1920 నవంబరులో ఓడెక్కారు. 1921 జూన్ 15న పరీక్ష నెగ్గి అంతర్జాతీయ పైలట్ లైసెన్సు పొందారు. ఆఫ్రికన్ అమెరికన్ మహిళల్లో ఆమే మొదటివారు. అంతటితో ఆగలేదు. 1922లో మళ్లీ ఐరోపా వెళ్లి పై శిక్షణ తీసుకున్నారు. తమవారి కోసం విమాన పాఠశాల పెట్టాలనుకున్నారు. అది నెరవేరకముందే, 1926 ఏప్రిల్ 30న విమాన ప్రమాదంలో 34వ ఏట కన్నుమూశారు.

కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో మన పిల్లలకు బరువవుతుందని మనం దిగులుపడతాం. బెస్సీకి ఫ్రెంచి సొంత భాష స్థానంలో రాలేదు, దానికి తోడుగా వచ్చింది. మరో భాష ఎందుకని పిల్లలు అడిగితే మార్కుల మాట పక్కనపెట్టి, ఈమె కథ చెబుదాం.