ప్లగ్గు మీది చుక్క: హెన్రీ రాయిస్ జీవితం

ఏటా మన సంచికలో ఒక కష్టజీవి కథ వేసుకుంటున్నాం. ఈసారి హెన్రీ రాయిస్ గురించి రాస్తున్నాం. రోల్స్ రాయిస్ కారు అంటే ఇక్కడ గల్ఫ్‌లో తెలియనివాళ్లు లేరు. మనలో కొందరం ఆ కార్లు కడిగినవాళ్లం, తోలినవాళ్లం కూడా. కానీ ఆ పేరులోని రెండో మనిషి మనలాగే కూలి పనితో మొదలుపెట్టాడని చాలామందికి తెలియదు.

రాయిస్ 1863లో ఇంగ్లండులోని అల్వాల్టన్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి పిండిమర నడిపి దెబ్బతిన్నారు. రాయిస్‌కు తొమ్మిదేళ్లప్పుడు ఆ తండ్రి కూడా పోయారు. పిల్లవాడు లండన్‌లో పేపర్లు అమ్మాడు, టెలిగ్రాములు పంచాడు. చదువు పెద్దగా సాగలేదు. బంధువు ఒకావిడ ఏడాదికి 20 పౌండ్లు కడితే పీటర్‌బరో రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకోవడానికి చేరారు. మూడేళ్లకే ఆవిడ దగ్గర డబ్బు అయిపోయింది, పని సగంలో ఆగింది. తర్వాత లీడ్స్‌లో వారానికి 11 షిల్లింగుల జీతానికి కుదిరారు.

1884లో కూడబెట్టుకున్న 20 పౌండ్లతో మాంచెస్టర్‌లో మిత్రుడు క్లేర్‌మాంట్‌తో కలిసి చిన్న వర్క్‌షాపు పెట్టారు. మొదట కాలింగ్ బెల్లులు, తర్వాత డైనమోలు, క్రేన్లు చేశారు. కొన్నాళ్లకు ఒక ఫ్రెంచి కారు కొన్నారు. దాని పనితనం నచ్చక మొత్తం విప్పి, ఏ భాగంలో ఏ లోపం ఉందో చూసి, తానే కారు తయారు చేయడానికి పూనుకున్నారు. 1904లో ఆ మొదటి కారు రోడ్డెక్కింది. అదే ఏడాది కార్లు అమ్మే చార్లెస్ రోల్స్‌తో పరిచయమైంది. ఇద్దరి పేర్లూ కలిశాయి.

రాయిస్ పద్ధతి ఒకటే. ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చింది కదా అని దేన్నీ నమ్మేవారు కాదు. 1907లో సిల్వర్ ఘోస్ట్ కారును 15,000 మైళ్లు నడిపి, తర్వాత బయటి సంస్థవాళ్ల చేత విప్పించి చూపించారు. అరిగిన భాగాలు మార్చి మళ్లీ కొత్తదానిలా చేయడానికి సామానుకు అయిన ఖర్చు 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలు!

ఒక్క యంత్రాన్ని మాత్రం ఆయన సరిగా చూసుకోలేదు. అది తన ఒళ్లు. పనిలో పడితే తిండి మరిచిపోయేవారు. 1911లో ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. ఆపై బతికినన్నాళ్లూ ఫ్యాక్టరీకి దూరంగా, ఇంటి నుంచే పని చేశారు. డ్రాయింగులు, పాడైన భాగాలు ఆయన దగ్గరికే వచ్చేవి. ఓవర్‌టైము కోసం భోజనం మానే తమ్ముళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. 1929లో ష్నైడర్ ట్రోఫీ విమాన పందానికి రాయిస్ బృందం ఆర్ అనే 12 సిలిండర్ల ఇంజిన్ తయారు చేసింది. తెల్లారితే పందెం. రాత్రి ప్లగ్గులు మారుస్తున్న మెకానిక్‌కు ఒక ప్లగ్గు మీద చిన్న లోహపు చుక్క కనబడింది. తుడిచేసి ఊరుకోవచ్చు. అతను ఊరుకోలేదు, పైవాళ్లకు చెప్పాడు. లోపల చూస్తే పిస్టన్ లోహం సిలిండర్ గోడకు పట్టేసి ఉంది. రూలు ప్రకారం ఇంజిన్ మార్చకూడదు, భాగాలు మార్చవచ్చు. అదృష్టవశాత్తూ పందెం చూద్దామని డెర్బీ ఫ్యాక్టరీ కార్మికులు కొందరు సౌతాంప్టన్‌లో బస చేశారు. వాళ్లను నిద్ర లేపి తీసుకొచ్చారు. రాత్రంతా పని చేసి, తెల్లారేసరికి సిలిండర్ బ్లాకు మార్చేశారు. ఆ విమానమే గంటకు సుమారు 529 కిలోమీటర్ల వేగంతో గెలిచింది.

1930లో రాయిస్‌కు సర్ బిరుదు వచ్చింది. అయినా తాను మెకానిక్‌నేనని చెప్పుకునేవారట. 1933 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన పోయాక కూడా ఫ్యాక్టరీ ఆ పద్ధతి వదల్లేదు. మెర్లిన్ ఇంజిన్ల కాలంలో కొత్త వాటిలోంచి కొన్నింటిని తీసి, పాడయ్యేదాకా పూర్తి బలంతో నడిపేవాళ్లు. ముందుగా విరిగిన భాగాన్ని ఇంకా గట్టిగా చేసేవాళ్లు.

మనం పనిచేసే చోట కూడా ఇలాంటి చుక్కలు కనబడతాయి. తెగబోతున్న క్రేన్ తాడు, బ్రేకు సరిగా పడని బండి, వదులైన పరంజా. చెబితే ఎక్కడ ఇంటికి పంపేస్తారోనని నోరు మూసుకుంటాం. ఆ భయం మాకూ తెలుసు. అయితే ఆ రాత్రి మెకానిక్ నోరు మూసుకుని ఉంటే గాల్లో ఉన్న మనిషి ప్రాణం ఏమయ్యేది? లోపం చెప్పినవాడు పనికి అడ్డం పడినవాడు కాదు, పని నిలబెట్టినవాడు. కాబట్టి చూసింది చెప్పండి. ఒక్కరే వెళ్లి చెప్పడానికి జంకుగా ఉంటే మన ఫోరంలో ఎవరినైనా కలవండి. కలిసే వెళ్దాం.