డొమెనికో మొడున్యో

డొమెనికో మొడున్యో (జనవరి 9, 1928 - ఆగష్టు 6, 1994) ఇటలీ దేశానికి చెందిన సుప్రసిద్ధ గాయకుడు, గీత రచయిత, నటుడు. ఆ దేశపు సాన్రేమో పాటల పోటీలో నాలుగు పర్యాయములు (1958, 1959, 1962, 1966) విజేతగా నిలిచాడు. వోలారే అన్న పేరుతో ప్రపంచమంతటా తెలిసిన పాట ఈయనదే.

తొలి జీవితము

ఈయన దక్షిణ ఇటలీలోని పుల్యా ప్రాంతమున, సముద్రతీరములో ఉన్న పొలిన్యానో ఆ మారే అను ఊరిలో జన్మించాడు. బాల్యము బ్రిందిసి సమీపములోని సాన్ పియెత్రో వెర్నోతికోలో గడిచింది. నటుడు కావలెనని రోము నగరానికి వెళ్ళి, అక్కడి చలనచిత్ర శిక్షణాలయములో చదివాడు. చిన్ననాడు నేర్చిన మాండలికములో పాటలు కట్టి గిటారు వాయిస్తూ పాడేవాడు. గాలానికి చిక్కిన ఆడ కత్తిచేప కోసం ప్రాణమిచ్చే మగచేప కథ వాటిలో ఒకటి. ఆ మాండలికము సిసిలీ భాషకు దగ్గరగా ఉండుటచే శ్రోతలు ఈయనను సిసిలీవాడని అనుకున్నారు. ఈయన కూడా కాదనలేదు. స్వగ్రామస్తులకు ఇది చాలాకాలము మనస్తాపము కలిగించింది.

సాన్రేమో విజయము

ఈ పోటీ 1951లో సాన్రేమో పట్టణపు కాసినోలో ఆరంభమైనది. మొదట రేడియోలో మాత్రమే వినిపించేది. 1955 నుండి టెలివిజనులో ప్రసారమవుతున్నది. బహుమతి గాయకునికి కాక పాటకు ఇచ్చేవారు. ఒకే పాటను ఇద్దరు వేర్వేరుగా పాడే పద్ధతి కూడా ఉండేది.

1958లో ఫ్రాంకో మిల్యాచ్చితో కలిసి వ్రాసిన పాటను మొడున్యో, జానీ దొరెల్లీ పాడారు. ముఖానికి నీలిరంగు పూసుకొని ఆకాశములోకి ఎగిరిపోయినట్లు కలగన్నవాని పాట అది. గాయకులు కదలక మెదలక నిలబడి పాడే ఆ రోజులలో మొడున్యో రెండు చేతులూ రెక్కలవలె చాచి పాడాడు. రేడియో ఒక్కటే ఉన్నట్లయితే ఈ దృశ్యము దేశానికి తెలిసేదే కాదు.

సాన్రేమోను చూసి యూరపు దేశాలు 1956లో ప్రారంభించిన యూరోవిజన్ పోటీకి ఇదే పాటను పంపారు. 1958లో హిల్వర్సమ్‌లో (నెదర్లాండ్స్) ప్రసారములో అంతరాయము వలన ఈయన రెండుసార్లు పాడవలసి వచ్చినది. అయినా దక్కినది మూడవ స్థానమే. కాని అమెరికాలో అదే పాట బిల్‌బోర్డ్ పట్టికలో 5 వారములు ప్రథమ స్థానములో ఉన్నది. 1959లో ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ పురస్కారములలో ఉత్తమ రికార్డు, ఉత్తమ గీతము రెండూ దీనికే లభించాయి.

1966లో సాన్రేమోలో నెగ్గిన పాటతో ఈయన లక్సెంబర్గులో జరిగిన యూరోవిజన్‌కు వెళ్ళగా ఒక్క పాయింటు కూడా రాలేదు.

అనారోగ్యము, ప్రజాజీవితము

1984లో ఒక టెలివిజన్ కార్యక్రమము చిత్రీకరణలో ఉండగా పక్షవాతము సోకింది. శరీరములో ఒక భాగము చచ్చుబడి, మాట, పాట రెండూ కష్టమైనాయి. కొంత కోలుకొన్న తరువాత 1987లో రాడికల్ పార్టీ తరఫున పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. వికలాంగుల హక్కుల కొరకు పాటుపడ్డాడు. సిసిలీలోని అగ్రిజెంతో మానసిక చికిత్సాలయములో రోగుల దుస్థితిని బయటపెట్టి, వారి కొరకు 1989లో ఆ పట్టణములో తిరిగి వేదికనెక్కి పాడాడు. 1993లో పొలిన్యానోకు వెళ్ళి స్వగ్రామస్తుల ఎదుట పాడటంతో పాత మనస్పర్థ తొలగిపోయింది. మరుసటి సంవత్సరము లాంపెదూసా ద్వీపములోని తన ఇంటిలో మరణించాడు. 2009లో పొలిన్యానో సముద్రతీరమున చేతులు చాచిన భంగిమలో ఈయన విగ్రహమును నెలకొల్పారు.